ఒక ఇంజను, మూడు దేశాలు

అంబాసిడరు కారు తెలియని తెలుగు ఇల్లు అరుదు. పెండ్లివారిని విడిదికి చేర్చినదీ, కలెక్టరుగారిని కరువు గ్రామాలకు తీసుకొనిపోయినదీ, రైల్వే స్టేషను బయట టాక్సీగా నిలిచినదీ ఆ కారే. 1957 నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడలో తయారైన ఆ కారు ఆకారాన్ని గురించి ఎవరిని అడిగినా నాలుగు మాటలు చెప్పగలరు. కాని దాని బానెట్టు క్రింద చిరకాలం పనిచేసిన నాలుగు సిలిండర్ల ఇంజను చరిత్ర చాలమందికి తెలియదు. ఆ ఇంజనుకు ఇంగ్లండులో అన్నదమ్ములు, జపానులో దాయాదులు, ఆస్ట్రేలియాలో ఆరు సిలిండర్ల పెద్ద చుట్టం ఒకటి ఉండేవి.

ఈ ప్రసంగంలో మనం ఆ వంశాన్ని పరిశీలిద్దాం. ఒకే ఇంజను ముఖ్యంగా మూడు దేశాలలో మూడు విధాలుగా జీవించినది. అందుకు కారణమేమి, ఒకదాని భాగం మరొకదానికి ఎంతవరకు పనికివచ్చినది, ఆ సౌలభ్యానికి ఎవరు ఏ మూల్యం చెల్లించారు అన్నవి మన ముందున్న ప్రశ్నలు.

ముందుగా భాగాల మార్పిడి అన్న విషయం. ఒక యంత్రంలోని భాగాన్ని తీసి, అదే తరహా మరొక యంత్రంలో పెడితే, ఆకురాయి తాకించకుండానే అది సరిగా కూర్చోవాలి. నేడు ఇది మనకు సహజంగా కనబడుతుంది. మోటారు కార్ల తొలిరోజులలో సహజం కాదు. ఆనాడు పనివాడు ప్రతి భాగాన్నీ దాని జతకు సరిపోయేటట్లు చేతితో రాచి అమర్చేవాడు. ఒక కారు పిస్టను రెండవ కారులో పట్టదు. 1908లో లండను సమీపాన ఉన్న బ్రూక్లాండ్సు పందెపు బాటవద్ద రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు ఒక పరీక్ష జరిపారు. అమెరికాలో తయారైన మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నిటినీ కలిపివేశారు. వాటిలో 89 భాగాలను తీసివేసి, విక్రేత నిల్వలోనుండి తెచ్చిన 89 కొత్త భాగాలను చేర్చారు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు తప్ప వేరే పనిముట్టు ఇవ్వక, ఆ రాశిలోనుండి తిరిగి మూడు కార్లను బిగింపజేశారు. మూడూ కదిలినవి, 500 మైళ్ళు పరుగెత్తినవి. ఆ ఏటి డ్యూయార్ ట్రోఫీ కాడిలాక్ సంస్థకు లభించినది. ఒకే నమూనా కార్ల మధ్య భాగాలను మార్చుకొనవచ్చునని ఆ పరీక్ష లోకానికి నిరూపించినది.

దీనికి తరువాతి మెట్టు వేరు వేరు నమూనాల మధ్య మార్పిడి. చిన్న కారుకు, పెద్ద కారుకు, పందెపు కారుకు, సరకుల బండికి ఒకే ఇంజనును కొద్ది భేదాలతో వాడగలమా? ఇంగ్లండులో ఈ ప్రశ్న 1952లో తీవ్రంగా ఎదురయినది. ఆ సంవత్సరం బర్మింగ్‌హాము వద్ద లాంగ్‌బ్రిడ్జిలోని ఆస్టిన్ సంస్థా, ఆక్స్‌ఫర్డు వద్ద కౌలీలోని మోరిస్ సంస్థా కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా ఏర్పడినవి. రెండూ అంతవరకు గట్టి పోటీదారులు. కొత్త సంస్థకు ఆధిపత్యం వహించిన లెనార్డ్ లార్డ్ ఒకప్పుడు మోరిస్ కొలువులో ఉండి, 1936లో తగవుపడి బయటికి వచ్చి, తరువాత ఆస్టిన్‌లో చేరినవాడు. కలిసిన సంస్థకు పేర్లు ఎన్నో, ఇంజన్లు ఎన్నో. ప్రతిదానికీ వేరు వేరు యంత్రాలు, వేరు వేరు నిల్వలు ఉంచడం నష్టమని తేలినది. అందుచేత చిన్న కార్లకు ఎ-వర్గం, మధ్యతరహా కార్లకు బి-వర్గం, పెద్ద కార్లకు ఆరు సిలిండర్ల సి-వర్గం అని మూడు ఇంజను కుటుంబాలను నిర్ణయించారు. మన కథానాయకుడు బి-వర్గపు ఇంజను.

దీని మూలం ఆస్టిన్ సంస్థ 1947లో విడుదల చేసిన ఎ-40 కారులోని 1200 సి.సి. ఇంజను. దాని ఆకారంలో ఒక విశేషమున్నది. ఇంజను పరిమాణాన్ని రెండు కొలతలు నిర్ణయిస్తవి. ఒకటి సిలిండరు లోపలి వ్యాసం. దీనినే బోరు అంటారు. రెండవది పిస్టను పైనుండి క్రిందికి నడిచే దూరం. దీనిని స్ట్రోకు అంటారు. ఎ-40 ఇంజనుకు బోరు 65.48 మిల్లీమీటర్లు, స్ట్రోకు దాదాపు 89 మిల్లీమీటర్లు. అంటే సన్నగా, పొడుగుగా ఉండే సిలిండరు. ఇంగ్లండులో ఆ కాలపు ఇంజన్లు అనేకం ఇట్లే ఉండడానికి కారణం పన్ను. చిరకాలం అక్కడ కారుమీద పన్నును సిలిండరు వ్యాసాన్ని బట్టి మాత్రమే లెక్కకట్టేవారు. స్ట్రోకు లెక్కలోనికి రాదు. కనుక వ్యాసం తగ్గించి, నడక పెంచి, పన్ను తగ్గించుకొనేవారు. 1940 దశకం చివరలో ఆ పన్ను విధానం పోయినది. కాని అప్పటికే నేర్చిన చేతులూ, స్థిరపడిన కొలతలూ ఉన్నవి. ఆ నడక బి-వర్గానికి వారసత్వంగా వచ్చినది.

1953లో ఎం.జి. మాగ్నెట్ కారులో 1489 సి.సి. బి-వర్గపు ఇంజను కనబడినది. దాని బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు, అనగా సరిగా మూడున్నర అంగుళాలు. తరువాత 1588 సి.సి., 1622 సి.సి., 1798 సి.సి. పరిమాణాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. వాటి బోర్లు 75.414, 76.2, 80.26 మిల్లీమీటర్లు. స్ట్రోకు మాత్రం అన్నిటికీ అదే మూడున్నర అంగుళాలు. ఇది ఇంగ్లండు ఎన్నుకున్న మార్గం: నడక మార్చకుండా బోరు పెంచుతూ పోవడం. బోరు ఏడు మిల్లీమీటర్లు పెరిగేసరికి ఇంజను పరిమాణం అయిదింట ఒక వంతు పెరిగినది.

ఈ ఒక్క కుటుంబం ఎన్ని ఇండ్లలో కాపురం చేసినదో చెప్పుకుంటే పెద్ద పట్టిక అవుతుంది. ఆస్టిన్ కేంబ్రిడ్జి, మోరిస్ ఆక్స్‌ఫర్డు, మోరిస్ కౌలీ, వూల్స్‌లీ 1500, రైలీ వన్ పాయింట్ ఫైవ్ మొదలైన కుటుంబాల కార్లు, ఎం.జి.ఎ., ఎం.జి.బి. అనే పరుగు కార్లు. సరకుల వ్యానులు, అన్నిటిలోను ఇదే. 1489 సి.సి. ఇంజను 1954 నాటి ఆస్టిన్ కేంబ్రిడ్జిలో 50 అశ్వశక్తినిస్తే, అదే పరిమాణం గల ఇంజను 1955 నాటి ఎం.జి.ఎ. లో రెండు కార్బ్యురేటర్లతో, ఎక్కువ సంపీడనంతో 68 అశ్వశక్తినిచ్చినది. 1962లో వచ్చిన ఎం.జి.బి. లో 1798 సి.సి. ఇంజను 95 అశ్వశక్తిని చేరినది. ఒక పాఠశాల ఉపాధ్యాయుని కారుకూ, వారాంతపు పందెగాని కారుకూ బ్లాకు ఒకే వంశానిది.

అయితే ఒకే వంశమన్నంత మాత్రాన ప్రతి భాగమూ ప్రతి ఇంజనుకూ సరిపోతుందనుకోవడం పొరపాటు. పైకి చూస్తే అన్నీ కవలల వలె కనబడుతవి. భేదం లోపల ఉంటుంది. ఉదాహరణకు, పెద్ద ఇంజనుకు గాలి ఎక్కువ కావాలి గనుక దాని హెడ్డులోని వాల్వులు పెద్దవి. ఎం.జి.బి. హెడ్డును తెచ్చి పాత 1489 సి.సి. బ్లాకుపై పెడితే బోల్టులు చక్కగా దిగుతవి. కాని బోరు చిన్నది కాబట్టి, వాల్వు తెరచుకొన్నప్పుడు దాని అంచు బ్లాకుకు తగులుతుంది. బ్లాకు పైఅంచున వాల్వుకు చోటు చెక్కితేగాని పని జరుగదు. బోల్టు దిగినది గదా అని స్టార్టు చేసినవాడు వాల్వులు వంచుకొంటాడు.

రెండవ ఉదాహరణ క్రాంకుషాఫ్టు. మొదట ఈ ఇంజన్లలో క్రాంకుషాఫ్టు మూడు ముఖ్యమైన బేరింగులపై తిరిగేది. శక్తి పెరిగిన కొలదీ ఆ ఆధారం చాలకపోయినది. 1964లో 1798 సి.సి. ఇంజనుకు అయిదు బేరింగులు వచ్చినవి. బయటి రూపు పెద్దగా మారలేదు. కాని మూడు బేరింగుల క్రాంకుషాఫ్టు అయిదు బేరింగుల బ్లాకులో కూర్చోదు. వెనుక పలక, గేరుబాక్సు షాఫ్టు మొనను పట్టే బుష్షు కూడ మారినవి. కనుక ఇంగ్లండులో మేస్త్రీలు కారు పేరు చూడక ఇంజను సంఖ్య చూసేవారు. ఎం.జి.బి. ఇంజను సంఖ్యకు ముందు 18జి, 18జిఎ అని ఉంటే మూడు బేరింగులు. 18జిబి తో అయిదు బేరింగులు మొదలు. వంశం ఒకటయినా తరం తెలియక సంబంధం కలుపరాదన్న మాట.

ఇక వేరే దేశాల సంగతి. ఆస్ట్రేలియాలో పెద్ద కార్లకు గిరాకి ఎక్కువ. అక్కడి శాఖవారు 1962లో 1622 సి.సి. ఇంజనుకు అదే బోరుతో, అదే స్ట్రోకుతో మరి రెండు సిలిండర్లు చేర్చి 2433 సి.సి. ఆరు సిలిండర్ల ఇంజను నిర్మించి ఆస్టిన్ ఫ్రీవే కారులో అమర్చారు. దక్షిణ అమెరికాలో అర్జెంటీనాకు చెందిన సియాం డి తెల్లా సంస్థ 1489 సి.సి. ఇంజనుతో కారు తయారుచేయగా, అది బ్వెనోస్ ఐరిస్ నగర వీధులలో టాక్సీగా పేరుపొందినది. కాని మన విషయానికి ఎక్కువ వెలుగునిచ్చేది జపాను.

జపాను నిస్సాన్ సంస్థ 1952లో ఆస్టిన్‌తో ఒప్పందం చేసుకొన్నది. మొదట ఇంగ్లండునుండి భాగాలు తెప్పించి కార్లు బిగించింది. కొద్ది సంవత్సరాలలో అన్ని భాగాలనూ స్వదేశంలోనే తయారుచేయగలిగింది. ఆస్టిన్ ఎ-50 కారులోని 1489 సి.సి. ఇంజను ఆ విధంగా వారి చేతికి వచ్చినది. అప్పుడు వారికి చిన్న డాట్సన్ కారుకు వెయ్యి సి.సి. ఇంజను కావలసివచ్చినది. కొత్త ఇంజనుకు కొత్త యంత్రసామగ్రి కావాలి. దానికి డబ్బు లేదు. డోనాల్డ్ స్టోన్ అనే అమెరికన్ ఇంజనీరు సలహాపై వారు చేసిన పని చాల సులభమైనది. బోరు 73 మిల్లీమీటర్లు అట్లే ఉంచి, స్ట్రోకును 59 మిల్లీమీటర్లకు కుదించారు. ఇంజను 988 సి.సి. అయినది. సిలిండర్ల మధ్య దూరం మారలేదు గనుక, ఉన్న యంత్రాలతోనే కొత్త బ్లాకులను తయారుచేయవచ్చును.

ఈ చిన్న మార్పు ఫలితాన్ని లెక్కవేసి చూద్దాం. క్రాంకుషాఫ్టు ఒక్కసారి తిరిగేసరికి పిస్టను ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి నడుస్తుంది. నిమిషానికి 4000 సార్లు తిరిగినప్పుడు ఇంగ్లీషు ఇంజనులో పిస్టను 711 మీటర్లు నడువవలె. జపాను ఇంజనులో 472 మీటర్లు నడిస్తే చాలును. అందువల్ల పిస్టనుపై, సిలిండరు గోడపై ఒత్తిడి తగ్గినది. ఇంజను మరింత వేగంగా, నిబ్బరంగా తిరుగగలిగినది. 1957లో ఈ ఇంజనుతో డాట్సన్ 210 వెలువడినది. 1958లో ఆస్ట్రేలియా ఖండాన్ని చుట్టివచ్చే మొబిల్‌గ్యాస్ పరీక్షలో ఆ కారు తన తరగతిలో గెలుపొందినది. తరువాత 71 మిల్లీమీటర్ల స్ట్రోకుతో 1189 సి.సి. ఇంజను వచ్చినది. 1960లో నిస్సాన్ సెడ్రిక్ కారుకు వేసిన 1488 సి.సి. ఇంజను పరిమాణంలో ఆస్టిన్ ఇంజనుకు సమానమే. కాని బోరు 80, స్ట్రోకు 74. ఇంగ్లండు పాత పన్ను ముద్ర దానిలో లేదు. విద్య నేర్పిన గురువును గౌరవించి, ఆ విద్యతోనే శిష్యుడు వేరు దారి పట్టాడు.

మన దేశం సంగతికి వద్దాము. బి.ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్, మోరిస్ సంస్థతో సంబంధం పెట్టుకొని గుజరాతు తీరాన ఓఖాలో కార్లు బిగించడం మొదలుపెట్టినది. 1948లో ఉత్తరపాడకు తరలివచ్చినది. 1953లో టారిఫ్ కమిషను నివేదిక తరువాత, దేశంలో క్రమంగా భాగాలు తయారుచేసే పథకమున్న సంస్థలే కొనసాగాలన్న విధానం ఏర్పడినది. కేవలం బిగింపు పనితో తృప్తిపడిన ఫోర్డు, జనరల్ మోటార్స్ 1950 దశకం మధ్యకు వెడలిపోయినవి. హిందుస్థాన్ నిలిచినది. మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ వరుస కారు అంబాసిడరు అయినది. మొదట దానికి, వాల్వులు సిలిండరు ప్రక్కన ఉండే 1476 సి.సి. పాత తరహా ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో 55 అశ్వశక్తి గల 1489 సి.సి. బి-వర్గపు ఇంజను వచ్చినది.

ఆ తరువాత? ఇంగ్లండు బోరు పెంచినది. జపాను స్ట్రోకు తగ్గించినది. మనం రెండిటినీ తాకలేదు. మూడు దశాబ్దాలకు పైగా అదే 73.025, అదే 88.9. 1980 ప్రాంతాన వచ్చిన డీజిలు అంబాసిడరు ఇంజను కూడ బి-వర్గపు 1489 సి.సి. డీజిలు రూపమే. ట్రెక్కరు బండికి అదే కుటుంబపు ఇంజన్లు. 1984లో వచ్చిన కాంటెస్సా కారుకు ఒళ్ళు పెద్దది, హంగు పెద్దది; మొదట దానికి తగిలించినది మాత్రం ఈ 1489 సి.సి. ఇంజనే. పెద్ద బండికి చిన్న ఎద్దును కట్టినట్లయినది. 1990 దశకారంభం తరువాతగాని అంబాసిడరుకు ఇసుజు వారి 1800 సి.సి. తరగతి ఇంజను అందలేదు.

ఈ నిశ్చలతకు ఇంజనీర్ల అసమర్థతను కారణంగా చెప్పడం న్యాయం కాదు. విదేశ మారకద్రవ్యం కొరత, దిగుమతులకు అడ్డు, ఎన్ని కార్లు చేయాలన్నా, కొత్త నమూనా తేవాలన్నా అనుమతి కావలె. అన్నిటికంటె ముఖ్యం, కొనేవారు వరుసలో నిలిచి ఏండ్లతరబడి కాచుకొని ఉండేవారు. చేసినదంతా అమ్ముడుపోతున్నప్పుడు మార్చవలసిన అగత్యం ఎవరికి తోచును? 1983 డిసెంబరులో మూడు సిలిండర్ల, 796 సి.సి. మారుతి కారు వెలువడిన తరువాతనే ఆ అగత్యం గడపలోనికి వచ్చినది.

అట్లని మన మార్గంలో లాభమే లేదనరాదు. ఇంజను మారలేదు గనుక భాగాలు మారలేదు. నేటి కారు పిస్టను ఇరవై ఏండ్లనాటి కారుకు సరిపోయినది. పాడైన కారునుండి తీసిన హెడ్డు మరొక కారును బ్రతికించినది. ఊరి మేస్త్రీ పుస్తకం చూడనక్కరలేదు. చేతికే కొలతలు తెలుసు. సిలిండరు అరిగితే బోరు చేయించి, అంగుళంలో వెయ్యింట పది, ఇరవై, ముప్పై వంతులు పెద్దవయిన పిస్టన్లు వేయించడం కార్లు ఉన్నవారందరికీ అనుభవమే. సూక్ష్మంగా చూస్తే, ఇంగ్లండు ఇంజనీర్లు శక్తి కోసం చేసిన పనినే మన మేస్త్రీలు ఆయుస్సు కోసం చేశారు. టాక్సీ నడిపి సంసారం సాగించేవానికి అశ్వశక్తికంటె, ఏ ఊరిలో ఆగినా సాయంకాలానికి బండి కదులుతుందన్న ధైర్యం ముఖ్యం. ఆ ధైర్యాన్ని ఆ ఇంజను ఇచ్చినది. లక్షలమంది కుటుంబాల భోజనం దానిమీద నడిచినదన్న సంగతి మరువరాదు.

ఇంగ్లండు మార్గానికీ హద్దు ఉండెను. బోరు పెంచగా పెంచగా సిలిండర్ల మధ్య జాగా కరిగిపోతుంది. ఒక దశ తరువాత పెంచడానికి ఇనుము మిగలదు. 1798 సి.సి. ఆ వంశంలో పెద్దపరిమాణంగా నిలిచిపోయినది. 1978లో దాని స్థానాన్ని ఆక్రమించడానికి ఓ-వర్గపు ఇంజను వచ్చినది; 1980లో ఎం.జి.బి. ఆగిపోయినది.

కనుక భాగాల మార్పిడి సౌలభ్యం ఒక మూలధనం వంటిది. ఇంగ్లండు దానిమీద వడ్డీ తీసుకొంటూ చివరివరకు గడిపినది. జపాను దానిని పెట్టుబడిగా పెట్టి వేరొక సొత్తు సంపాదించినది. మనం దానిని పెట్టెలో భద్రపరచుకొన్నాం. పెట్టె భద్రంగానే ఉన్నది, దాని విలువ మాత్రం బయటి అంగడిలో తగ్గుతూ వచ్చినది. మార్చకుండా ఉంచిన కొలతలలో ఏది అవసరంచేత నిలిచినది, ఏది అలవాటుచేత నిలిచినది అని ఎప్పటికప్పుడు విచారించుకొన్న దేశానికే ఆ మూలధనం పూర్తిగా ఫలించినదని ఈ చరిత్ర చెబుతున్నది. ఒకనాటి ఇంగ్లండు పన్నుల గుమాస్తా లెక్కకు పుట్టిన మూడున్నర అంగుళాల నడక, ఆ పన్ను రద్దయి నలభై ఏండ్లు దాటిన పిమ్మట కూడ గోదావరి గట్టుమీద, తెలంగాణ బాటలమీద నడుస్తూనే ఉండెను. దానిని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఎవరూ ప్రశ్నించలేదు, అంతే.